ఓపెన్ స్కూల్ అడ్మిషన్ సెంటర్: రెండు స్టార్లు, రెండూ లెక్కల సార్‌కే

ముందే చెప్తున్నా, సెంటర్ పేరు రాయట్లేదు. కూకట్‌పల్లి వైపు ఇలాంటివి సందుకొకటి ఉంటాయి, టెన్త్ ఇంటర్ డైరెక్ట్‌గా పాస్ అవ్వండి అని ఫ్లెక్సీ, కింద నాలుగు సెల్ నంబర్లు. అలాంటి ఒకదాని గురించే ఇది.

మా పాప మూడో క్లాసు తర్వాత బడికి వెళ్లలేదు. ఎందుకు అని మీరు కూడా అడక్కండి, అడిగీ అడిగీ మా ఆడపడుచే విసిగిపోయింది. పొద్దున లెక్కలు సైన్సు నా దగ్గర, తెలుగు వాళ్ల నానమ్మ దగ్గర, మధ్యాహ్నం నుంచి బొమ్మలు వేసుకోవడం. కరెంటు మీటర్ చూసి శ్లాబుల లెక్క కట్టి బిల్లు ఎంతొస్తుందో ముందే చెప్పేస్తుంది, ఒకసారి రీడింగ్ తీసే అబ్బాయితో గేటు దగ్గర పావుగంట వాదించింది కూడా (అబ్బాయి చెప్పిందే కరెక్టు అని తర్వాత తేలింది, అది వేరే సంగతి). అంతా బానే ఉంది కానీ 14 నిండేసరికి మా ఆయనకి టెన్షన్ మొదలైంది, టెన్త్ సర్టిఫికెట్ లేకపోతే రేపు ఏంటి అని. ఎన్ఐఓఎస్, అంటే బడికి వెళ్లకుండానే టెన్త్ రాసుకునే సెంట్రల్ గవర్నమెంట్ ఓపెన్ స్కూల్ బోర్డు, దాని గురించి వినడమే తప్ప ఎలా కట్టాలో తెలీదు, అందుకే ఈ సెంటర్‌కి వెళ్లాం.

లోపలికెళ్లగానే ఏసీ, వాటర్ బాటిల్, మర్యాదలకేం లోటు లేదు. కౌన్సెలర్ అనే ఆయన ముందు 1500 కట్టించుకున్నాడు, రసీదు అడిగితే వాట్సాప్‌లో పంపిస్తా మేడమ్ అన్నాడు, ఇప్పటికీ రాలేదు. తర్వాత పాప టీసీ అడిగాడు. మూడో క్లాసు టీసీ ఉందండి, ఆ తర్వాత ఇంట్లోనే చదివించాం అన్నాను. అంతే, ఆయన మొహం మారిపోయింది. గొంతు తగ్గించి, అది ఇల్లీగల్ కదమ్మా, రైట్ టు ఎడ్యుకేషన్ యాక్ట్ ఉంది, పేరెంట్స్ మీద కేసు పెడతారు, ఎవరికీ చెప్పకండి అని భయపెట్టి, వెంటనే మళ్లీ నవ్వి, ఏం పర్లేదు, తెలిసిన స్కూల్ ఉంది, ఎనిమిదో క్లాసు టీసీ తెప్పిస్తాం, 12 వేలవుతుంది, ఈ వారంలో కట్టకపోతే ఈ ఏడాది పోయినట్టే అన్నాడు. మా ఆయన ఫోన్ తీసి పేమెంట్ చేసేస్తున్నాడు నిజంగా. పక్కన కూర్చున్న పాపే "నేను ఆ స్కూల్లో చదవలేదు కదా నాన్నా" అంది. దాంతో రేపు వస్తామని చెప్పి లేచొచ్చేశాం.

ఆ రాత్రి ఎన్ఐఓఎస్ వెబ్‌సైట్‌లో ప్రాస్పెక్టస్ తీసి చదివా. సెకండరీకి, అంటే టెన్త్‌కి, 14 ఏళ్లు నిండితే చాలు, ఎనిమిది పాసైన సర్టిఫికెట్ లేకపోతే సెకండరీ చదవగలిగేంత చదువుకున్నాను అని సెల్ఫ్ సర్టిఫికెట్ ఇస్తే సరిపోతుంది. అంటే ఆ 12 వేలు మన చేత ఒక దొంగ కాగితం కొనిపించడానికి, అసలు అవసరమే లేని కాగితం! ఈ వారం దాటితే ఏడాది పోయినట్టే అన్నది కూడా ఉత్తదే, పరీక్షలు ఏడాదికి రెండు సార్లు ఉంటాయి, ఏప్రిల్-మేలో ఒకటి, అక్టోబర్-నవంబర్‌లో ఒకటి, రిజిస్ట్రేషన్ 5 ఏళ్లు ఉంటుంది, 9 సార్లు రాసుకోవచ్చు.

ఇంక కేసు సంగతి. యాక్ట్ కూడా తీసి చదివా, మరీ పెద్దదేం కాదు. 2009 నాటి చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకి. సెక్షన్ 10లో పిల్లల్ని దగ్గర్లోని స్కూల్లో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని ఉంది, నిజమే, నేను దాచను. కానీ చేర్పించకపోతే తల్లిదండ్రులకి ఇంత జరిమానా, ఇన్నాళ్లు జైలు అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. రాజ్యాంగంలోని ఆర్టికల్ 21ఏ కూడా ఉచిత నిర్బంధ విద్య ప్రభుత్వం ఇవ్వాలి అనే చెప్తుంది. మరి ఇంట్లో చదివించొచ్చు అని ఎక్కడైనా ఉందా అంటే అదీ లేదు. ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటారన్న సంగతే ఆ చట్టానికి పట్టలేదు. ఇదిగో ఈ ఖాళీలోనే ఈ సెంటర్ల వ్యాపారం నడుస్తోంది. బడికి పంపకుండా చదివించే తల్లిదండ్రులకి ఒక రెండు లైన్ల గుర్తింపు చట్టంలో రాసి పడేస్తే, కావాలంటే ఏడాదికోసారి వచ్చి పిల్లల్ని చూసి వెళ్లమనండి మాకేం అభ్యంతరం లేదు, ఇట్లాంటి వాళ్ల ముందు నేరం చేసినట్టు తలొంచుకుని కూర్చునే ఖర్మ తప్పుతుంది మాకు. పిల్లల్ని అసలు చదివించకుండా పనికి పంపేవాళ్ల కోసం పెట్టిన రూల్‌ని మాకు చూపించి డబ్బులు గుంజడం ఏంటండీ?

సరే రివ్యూకి వస్తా. అప్లికేషన్ మేమే ఆన్‌లైన్‌లో కట్టాం. ఫోటో సంతకం అప్‌లోడ్ దగ్గర రెండు సార్లు ఎర్రర్ వచ్చింది, సైజు తగ్గించాక వెళ్లింది. తెలుగు, ఇంగ్లిష్, మ్యాథ్స్, హోమ్ సైన్స్, పెయింటింగ్ తీసుకుంది. పెయింటింగ్ కూడా టెన్త్‌లో సబ్జెక్టే అని తెలిసి పాప ఎగిరి గంతేసింది.

మరి రెండు స్టార్లు ఎందుకంటే, 1500 ఎలాగూ పోయాయి కాబట్టి దానికి బదులు ఆదివారం మ్యాథ్స్ క్లాసులకి కూర్చోబెట్టండి అని గొడవ పెట్టుకుని పాపని పంపించా. అక్కడ ఆ సార్ మాత్రం బంగారం. పెద్దాయన, రిటైర్డ్ టీచర్ అట. క్లాసులో పగలు మెకానిక్ పని చేసుకునే కుర్రాళ్లు, పెళ్లయి చదువు ఆగిపోయిన అమ్మాయిలు, మా పాప, అందరూ కలిపి ఇరవై మంది. వర్గ సమీకరణాలు మొదలుపెట్టే ముందు బోర్డు మీద ఒక గది ప్లాన్ గీసి, ఇంత వైశాల్యం, పొడవు వెడల్పు కన్నా రెండు అడుగులు ఎక్కువ, టైల్స్ వేసేవాడికి ఏం చెప్తావు అని అడిగాడట, టైల్స్ పని చేసే కుర్రాడే ముందు చెప్పాడట. నా దగ్గర ఆ చాప్టర్ మూడు వారాలు ఏడ్చిన పిల్ల ఆ రోజు ఇంటికొచ్చి నాకు నేర్పించింది. బడికి పంపని నేనే ఇలా అంటే నవ్వుతారేమో కానీ, మంచి టీచర్ మంచి టీచరే.

టీఎంఏలు, అంటే ఇంట్లో రాసి ఇవ్వాల్సిన అసైన్‌మెంట్లు, 20 శాతం వెయిటేజీ ఉంటుంది, అవి మేమే రాయించి ఇస్తాం సబ్జెక్టుకి 500 అని అక్కడ ఆఫర్ చేస్తారు. వద్దనండి. మా పాప తనే రాసింది, అక్షరదోషాలు వాళ్ల నానమ్మ ఎర్ర పెన్నుతో దిద్దింది, ఫెయిర్ కాపీ మళ్లీ రాయించింది కూడా.

ఏప్రిల్‌లో రాసింది, ఐదూ పాస్, మ్యాథ్స్‌లో 61. మా ఆడపడుచు మార్కుల మెమో అటూ ఇటూ తిప్పి చూసి, ఇది గవర్నమెంటుదేనా అంది. గవర్నమెంటుదే వదినా అన్నాను.

వెళ్లేవాళ్లు ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకే వెళ్లండి, పదింటికి ఆ సందులో బండి పెట్టే జాగా ఉండదు. కింద కౌన్సెలింగ్ రూమ్‌లోకి వెళ్లకుండా పక్క మెట్లెక్కి నేరుగా రెండో ఫ్లోర్‌కి పోండి, సార్ అక్కడే ఉంటాడు.