ఏ యాప్ అయినా ఏ మెషీన్ మీదైనా నడుస్తుందని అమ్ముతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

విండోస్, ఆండ్రాయిడ్, ఐఫోన్, మ్యాక్ యాప్‌లన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో, ఒక్క క్లిక్‌తో, ఫుల్ స్పీడ్‌లో నడుస్తాయని ఎవరైనా అమ్మజూపితే దయచేసి కొనకండి. నేను కొన్నాను. లైఫ్‌టైమ్ లైసెన్స్ అన్నారు, కట్టాను. మూడు వారాలు దానితో కుస్తీ పట్టాను. డబ్బు పోయింది, రెండు ఆర్డర్లు పోయాయి. అన్నిటికంటే భయపెట్టింది పాస్‌వర్డ్‌ల విషయం, అది కింద చెబుతాను.

నాకు దీని అవసరం ఎందుకు వచ్చిందంటే, నేను మెషీన్ ఎంబ్రాయిడరీకి డిజైన్లు చేసిపెడతాను. ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది. పైగా యూఎస్‌బీ డాంగిల్, అంటే లైసెన్స్ తాళంలా పనిచేసే పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం, పెడితే గాని తెరుచుకోదు. నా పాత డెస్క్‌టాప్ మదర్‌బోర్డ్ కాలిపోయింది. ఇంట్లో ఉన్నది ఎం1 చిప్ మ్యాక్ ఒక్కటే. పాత ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ ఉండేది, విండోస్ నేరుగా వేసుకునేవాళ్లం. ఇందులోనూ అలాంటిదేదో ఉంటుందిలే అనుకున్నాను. లేదు. 2020 చివర్లో ఆపిల్ సొంత చిప్‌లకు మారినప్పటినుంచి ఆ చిప్ ఉన్న మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేనే లేదు. అది తెలిసి వెతుకుతుంటే ఈ ప్రకటన కనపడింది. అందులో ఒక వీడియో. మ్యాక్ స్క్రీన్ మీద విండోస్ రెండు సెకన్లలో తెరుచుకుంటోంది, పక్కనే ఐఫోన్ యాప్, ఇంకో పక్క ఆండ్రాయిడ్ గేమ్. నా డాంగిల్ సంగతి చాట్‌లో అడిగాను. "అన్ని యూఎస్‌బీ పరికరాలూ పనిచేస్తాయి సార్" అన్నారు. ఆ మాట మీద కొన్నాను.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఆగాల్సింది. విండోస్‌ని మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తెచ్చుకోమనలేదు. "ముందే యాక్టివేట్ చేసిన విండోస్" అని ఒక పెద్ద ఫైల్ వాళ్లే ఇచ్చారు. దానికి ముందు మ్యాక్‌ని రికవరీ మోడ్‌లో తెరిచి సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ (సిస్టమ్ ఫైళ్లని ఎవరూ మార్చకుండా కాపాడే రక్షణ) ఆపేయమని గైడ్‌లో రాశారు. పని ఆగిపోయిన టెన్షన్‌లో అన్నీ చెప్పినట్టే చేశాను.

మొదటిసారి విండోస్ డెస్క్‌టాప్ కనపడటానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. స్టార్ట్ బటన్ నొక్కాక మెనూ ఎప్పుడు వస్తుందా అని చూస్తూ కూర్చోవాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కావడానికి ఒక రాత్రంతా పట్టింది. పొద్దున్నే డాంగిల్ పెట్టాను. దాని మీద చిన్న పచ్చ లైటు వెలిగింది, ప్రాణం లేచొచ్చింది. లోపలి విండోస్‌లో మాత్రం "డాంగిల్ కనపడలేదు" అనే మెసేజ్ తప్ప ఇంకేం లేదు. యూఎస్‌బీని లోపలి విండోస్‌కి అప్పగించే ఆప్షన్ మెనూలో ఉంది. నొక్కితే "త్వరలో వస్తుంది" అని ఒక బాక్స్ తెరుచుకుంది. అంతే.

స్పీడ్ గురించి కస్టమర్ కేర్‌కి రాస్తే ర్యామ్ పెంచుకోమన్నారు. ఎం1 మ్యాక్‌లో ర్యామ్ చిప్‌తో కలిసే ఉంటుంది, కొన్నాక పెంచుకునే వీలే లేదు. ఈ చిప్‌ల కోసమే సాఫ్ట్‌వేర్ చేశామని చెప్పుకునేవాళ్లకి ఆ మాత్రం తెలియదా?

గుట్టు బయటపెట్టింది మా మేనల్లుడు. వాడు వచ్చి పక్కన కూర్చుని, "మావయ్యా, ఒకసారి యాక్టివిటీ మానిటర్ తెరువు" అన్నాడు. మ్యాక్‌లో ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుకుంటోందో చూపించేది అది. తెరిచాం. సీపీయూ మొత్తం తినేస్తున్న ప్రాసెస్ పేరు వాళ్ల సాఫ్ట్‌వేర్ పేరు కాదు. క్యూఈఎమ్‌యూ-సిస్టమ్-ఎక్స్86_64 అని ఉంది. నాకు ఆ అక్షరాలు అర్థం కాలేదు. వాడు మాత్రం తల పట్టుకున్నాడు. "ఇది ఫ్రీగా దొరికేదే మావయ్యా, పైన రంగు పూసి అమ్మారు నీకు."

క్యూఈఎమ్‌యూ అనేది ఫాబ్రిస్ బెలార్డ్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిన ఎమ్యులేటర్, అంటే ఒక మెషీన్‌లో ఇంకో రకం మెషీన్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్. 2003 నుంచి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. దాని తప్పేమీ లేదు, చాలా గొప్ప పనితనం అది. ఉచిత సాఫ్ట్‌వేర్‌ని అమ్ముకోవడమూ తప్పు కాదు, దాని జీపీఎల్ లైసెన్సే ఒప్పుకుంటుంది. కాకపోతే లైసెన్స్ కాపీ ఇవ్వాలి, సోర్స్ కోడ్ ఇవ్వాలి లేదా ఎలా తీసుకోవాలో చెప్పాలి. వీళ్లు ఎక్కడా దాని పేరే ఎత్తలేదు. పైగా "మా సొంత ఇంజిన్" అని రాసుకున్నారు. మ్యాక్‌లో అదే క్యూఈఎమ్‌యూని తేలిగ్గా వాడుకోవడానికి యూటీఎమ్ అనే యాప్ ఉంది. వాళ్ల సైట్‌లో డబ్బు కట్టకుండానే దొరుకుతుంది. నేను కట్టిన డబ్బుకి వచ్చింది అంతకంటే తక్కువే.

నెమ్మదిగా ఎందుకుందో వాడు చెప్పాక నాకు మొత్తం అర్థమైంది. కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన అసలు విషయం ఇదే. లోపల నడిచే సిస్టమ్, బయటి మెషీన్ ఒకే రకం ప్రాసెసర్‌వైతే ఆదేశాలు నేరుగా ప్రాసెసర్ మీదే నడుస్తాయి. దాన్ని వర్చువలైజేషన్ అంటారు, స్పీడ్ పెద్దగా తగ్గదు. ఎం1 ఆర్మ్ రకం చిప్. వాళ్లిచ్చిన విండోస్ ఇంటెల్ రకం ప్రాసెసర్ కోసం చేసింది, అంటే ఎక్స్86. అప్పుడు ప్రతి ఆదేశాన్నీ ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చుకుంటూ నడపాలి. అది ఎమ్యులేషన్. ఒక యాప్ వరకైతే ఓర్చుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్నీ అలా నడిపితే నాకు పట్టిన గతే పడుతుంది. ఇంటెల్ యాప్‌లు కొత్త చిప్‌ల మీద నడవడానికి ఆపిల్ ఇచ్చే రోసెట్టా కూడా మ్యాక్ యాప్‌లనే అనువదిస్తుంది, ఇంటెల్ విండోస్‌ని నడిపే వర్చువల్ మెషీన్ యాప్‌లకి పనికిరాదని ఆపిలే రాసిపెట్టింది.

మరి మ్యాక్‌లో విండోస్ నడిపే సరైన దారి లేదా అంటే ఉంది. ఆర్మ్ కోసం చేసిన విండోస్ 11 వేసుకోవచ్చు. మ్యాక్‌లో విండోస్ నడిపే పారలెల్స్ డెస్క్‌టాప్ అనే యాప్‌లో దాన్ని నడపడానికి 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఒప్పుకుంది. మామూలు ఇంటెల్ యాప్‌లని ఆ విండోసే లోపల అనువదించుకుంటుంది, చాలావరకు బాగానే నడుస్తాయి. నా ఖర్మ ఏమిటంటే డ్రైవర్లు, అంటే పరికరాన్ని విండోస్ గుర్తుపట్టేలా చేసే చిన్న ప్రోగ్రామ్‌లు, అలా అనువాదం కావు. అవి ఆర్మ్ కోసం విడిగా చేసినవే అయ్యుండాలి. నా డాంగిల్ కంపెనీకి ఫోన్ చేసి అడిగాను. ఆర్మ్ డ్రైవర్ చేయలేదన్నారు. ఒక దారిలో డ్రైవర్ ఉంది, స్పీడ్ లేదు. ఇంకో దారిలో స్పీడ్ ఉంది, డ్రైవర్ లేదు. ఈ ఒక్క ఫోన్ కాల్ కొనకముందు చేసి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. డాంగిల్, పాత ప్రింటర్, స్కానర్, బయోమెట్రిక్ పరికరం, ఏదైనా సరే, డ్రైవర్ ఉన్న వస్తువు మీ పనిలో ఉంటే ముందు దాని కంపెనీనే అడగండి. ఎమ్యులేటర్ అమ్మేవాడిని కాదు.

స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ లాప్‌టాప్ కొనాలనుకునేవాళ్లకి కూడా ఇదే మాట. అవి మంచి మెషీన్లే, బ్యాటరీ బాగా వస్తుంది. కానీ అవీ ఆర్మ్ రకమే. పైన విండోస్ అని రాసి ఉంది కదా, పాత పరికరాలన్నీ పనిచేస్తాయని అనుకోకండి.

ఇక ఐఫోన్ భాగం. అది తెరిస్తే ఐఫోన్‌లా కనపడే ఒక బొమ్మ. యాప్ స్టోర్ అని ఒక ఐకాన్, లోపల పదో పన్నెండో యాప్‌లు. అందులో సగం వెబ్‌సైట్ తెరిచే బటన్లే. విండోస్ కంప్యూటర్ మీద అసలైన ఐఫోన్ యాప్‌లు నడిపిస్తామంటూ మామూలు కొనుగోలుదారులకి అమ్మేవాటిని నమ్మకండి. డెవలపర్లకి ఆపిల్ ఇచ్చే సిమ్యులేటర్ కూడా మ్యాక్‌లోనే నడుస్తుంది, అందులోనూ యాప్ స్టోర్ నుంచి యాప్‌లు వేసుకోలేం. నన్ను ఇంకా బాధపెట్టింది ఏమిటంటే, ఎం1 మ్యాక్‌లో చాలా ఐఫోన్, ఐప్యాడ్ యాప్‌లు ఆ యాప్ చేసినవాళ్లు ఒప్పుకుని ఉంటే మ్యాక్ యాప్ స్టోర్ నుంచే నేరుగా వేసుకోవచ్చు. ఇంట్లో ఉన్నదానికి బయట డబ్బు కట్టానన్నమాట.

ఆండ్రాయిడ్ మాత్రం కొంత నడిచింది. గేమ్‌లు తెరుచుకున్నాయి. బ్యాంక్ యాప్ వేస్తే "ఈ డివైస్ సురక్షితం కాదు" అని మూసేసుకుంది. అందులో బ్యాంక్ తప్పేమీ లేదు. ప్లే ఇంటెగ్రిటీ అనే గూగుల్ తనిఖీతో యాప్‌లు తాము నిజమైన, సర్టిఫై అయిన ఫోన్‌లో ఉన్నాయా లేదా అని చూసుకుంటాయి. బ్యాంకింగ్ కోసం ఎమ్యులేటర్ కొనే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

పాస్‌వర్డ్‌ల సంగతి. ఆ ఆండ్రాయిడ్‌లో నా అసలు గూగుల్ అకౌంట్‌తోనే లాగిన్ అయ్యాను. వాళ్లిచ్చిన విండోస్‌లో మెయిల్ తెరిచాను, క్లయింట్ల ఫైళ్లు దించుకున్నాను. ఎవరో ముందే తయారుచేసి ఇచ్చిన విండోస్ అది. అందులో ఇంకా ఏం పెట్టారో నాకెలా తెలుస్తుంది? మా మేనల్లుడు అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని అన్ని పాస్‌వర్డ్‌లూ వేరే ఫోన్ నుంచి మార్చాం, అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ చేశాం, మ్యాక్‌ని పూర్తిగా తుడిచి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాం. ఇలాంటిది మీరు ఇప్పటికే వాడుతుంటే ఈరోజే ఈ పని చేయండి. సిస్టమ్ రక్షణ ఆపమన్నా, యాంటీవైరస్ తీసేయమన్నా, యాక్టివేట్ చేసిన విండోస్ చేతికిచ్చినా అక్కడే ఆగిపోండి.

లైఫ్‌టైమ్ అనే మాట గురించి కూడా. విండోస్ 11లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిపే ఏర్పాటుని మైక్రోసాఫ్ట్ 2021లో తెచ్చింది, 2025 మార్చి 5న సపోర్ట్ ఆపేసింది. నాలుగేళ్లు కూడా నిండలేదు. రోసెట్టాని కూడా మ్యాక్ ఓఎస్ 27 వరకే పూర్తిగా ఉంచుతామని, తర్వాత కొన్ని పాత గేమ్‌ల కోసమే మిగులుస్తామని ఆపిల్ 2025లో ప్రకటించింది. ఆపరేటింగ్ సిస్టమ్ చేసేవాళ్లే ఇలా ఉంటే, దాని మీద ఆధారపడి బతికే చిన్న సాఫ్ట్‌వేర్‌కి ఎవరి లైఫ్‌టైమ్ గ్యారంటీ?

కొనాలని గట్టిగా అనుకుంటే ముందు మీ మెషీన్‌లో ఏ చిప్ ఉందో చూసుకోండి. మ్యాక్‌లో ఆపిల్ గుర్తు మెనూలో "ఈ మ్యాక్ గురించి" నొక్కితే తెలుస్తుంది. విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో సిస్టమ్ టైప్ అని ఉంటుంది. ట్రయల్ లేనిదాన్ని కొనకండి, ట్రయల్‌లో మీకు కావాల్సిన ఆ ఒక్క యాప్‌నే నడిపి చూడండి. గేమ్ డెమోలు చూసి మురిసిపోవద్దు. లినక్స్ వాళ్లకైతే విండోస్ ప్రోగ్రామ్‌లు నడపడానికి వైన్ ఉంది, 1993 నుంచి ఉచితమే. ఏ విండోస్ ప్రోగ్రామ్ ఎంత బాగా నడుస్తుందో వాడినవాళ్లు ప్లాటినం నుంచి గార్బేజ్ దాకా రేటింగ్ ఇచ్చిన జాబితా వాళ్ల దగ్గరే ఉంటుంది. కొనేముందు అందులో ఒక్కసారి వెతకండి.

డబ్బు వెనక్కి అడిగితే "లైసెన్స్ యాక్టివేట్ అయింది కాబట్టి రీఫండ్ కుదరదు" అన్నారు. డాంగిల్ పనిచేస్తుందని వాళ్లు చాట్‌లో రాసిన మాట, "త్వరలో వస్తుంది" అన్న బాక్స్, యాక్టివిటీ మానిటర్, మూడింటి స్క్రీన్‌షాట్లూ జతచేసి కార్డ్ ఇచ్చిన బ్యాంక్‌లో ఫిర్యాదు పెట్టాను. ప్రస్తుతానికి మా మేనల్లుడి పాత ఇంటెల్ లాప్‌టాప్ తెచ్చుకుని పని చేసుకుంటున్నాను, డాంగిల్ పెట్టగానే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. బ్యాంక్ ఏం తేలుస్తుందో ఇదే పోస్ట్ కింద రాస్తాను. మీలో ఎవరైనా ఇలాంటిదే కొని ఉంటే చాట్ మాటలు చెరిగిపోకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నేను అడిగిన మర్నాడే నా చాట్ హిస్టరీ వాళ్ల సైట్‌లో ఖాళీ అయిపోయింది.