తిరుపతిలో మంచి తిండికి ఏది మేలు: రైతు బజారా, ఆర్గానిక్ షాపా, నేరుగా రైతా?

తిరుపతిలో మందులు కొట్టని కూరగాయలు, పప్పులు, బెల్లం కావాలంటే మూడు దారులున్నాయి. రైతు బజారుకు వెళ్లొచ్చు, ఆర్గానిక్ షాపులో కొనొచ్చు, లేదా నాలుగిళ్లవాళ్లు కలిసి దగ్గరి ఊళ్లో రైతులతో నేరుగా మాట్లాడుకోవచ్చు. నన్నడిగితే మూడోదే మేలంటాను. శ్రమ ఎక్కువే, అయినా అదే.

రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే అమ్ముకోవాలన్నది ఉద్దేశం. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, కూరలు తాజాగా ఉంటాయి. రోజూ వండుకునే ఇంటికి అది పెద్ద ఆసరా. కాకపోతే తాజాదనం కంటికి తెలుస్తుంది గానీ మందు కొట్టారో లేదో తెలియదు. కషాయాలు కాచి, వేపాకుతో చేసే నీమాస్త్రం చల్లి పండించిన వంకాయకూ మామూలు వంకాయకూ అక్కడ ఒకటే ధర. మరి ఆ రైతు పడ్డ కష్టానికి విలువ ఎవరిస్తారు?

ఆ విలువ ఆర్గానిక్ షాపులో కొంత దక్కుతుంది. ప్యాకెట్ మీద ఆర్గానిక్ సరుకని తెలిపే జైవిక్ భారత్ గుర్తు, సర్టిఫికెట్ వివరాలు చూసుకోవచ్చు. నెలకోసారి కొర్రలో అరికెలో తెచ్చుకోవడానికి బాగానే ఉంటుంది. ధర మాత్రం మామూలు జీతగాడు ఇంటిల్లిపాదికీ రోజూ భరించేది కాదు. పైగా ఆ సరుకు ఏ ఊరిదో, అందులో రైతు చేతికి ఎంత వెళ్లిందో ప్యాకెట్ మీద మామూలుగా ఉండదు.

చిత్తూరు బెల్లం సంగతే చూడండి. కొనేవాళ్లు పసుపుపచ్చగా మెరిసే దిమ్మనే అడుగుతారు. ఆ రంగు కోసం పాకంలో హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. వేయని బెల్లం ముదురు గోధుమ రంగులో ఉంటుంది, వానాకాలం చెమ్మ పట్టి మెత్తబడుతుంది. రంగు తక్కువైతే మండీలో ధరా తక్కువే. అలాంటప్పుడు హైడ్రోస్ మానేయమని రైతుకు ఏ ముఖంతో చెప్తాం? అదే పది ఇళ్లవాళ్లు గానుగ దగ్గరికెళ్లి, పెనంలో పాకం ఉడుకుతుండగా చూసి, "మాకు నల్లగా ఉన్నా పర్లేదన్నా, అది వేయొద్దు, మొత్తం మేమే తీసుకుంటాం" అంటే ఆయన ధైర్యంగా మానేస్తాడు. షాపులో ఎన్ని ప్యాకెట్లు కొన్నా ఈ మాట ఆయనదాకా చేరదు.

ధర విషయంలోనూ అంతే. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో టమాటా 150 రూపాయలు దాటింది, సెప్టెంబరుకల్లా కుప్పకూలింది. సీజన్ ముందే ఇద్దరికీ గిట్టుబాటయ్యే ధర ఒకటి అనుకుంటే ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. మార్కెట్ పడిపోయినప్పుడు మనం మాట తప్పకూడదు, పెరిగినప్పుడు రైతు తప్పకూడదు. ఇది మొదటి రోజే తేల్చుకోవాలి.

అన్ని పంటలకూ ఇది కుదరదు. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోతే కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. లారీలకొద్దీ గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయను మన వీధివాళ్లు ఎంత తింటారు? ఆ సమస్యకు వేరే పరిష్కారం కావాలి.

నమ్మకం ఎలా అంటారా? రైతులే ఒకరికొకరు హామీగా ఉండే పీజీఎస్ (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) పద్ధతిలో కనీసం ఐదుగురు రైతులు గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేస్తారు. ఆ తనిఖీ రోజున మనలో ఇద్దరు కూడా వెళ్తే సరి. రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నడుస్తోంది. చంద్రగిరి, పాకాల వైపు ఊళ్లలో ఆ సిబ్బందిని అడిగితే రైతుల ఆచూకీ చెప్తారు. పొలానికి వెళ్లినప్పుడు పక్క చేనులో కొట్టే మందు ఇటు రాకుండా గట్టు మీద ఏం వేశారో తప్పక చూడండి.

ఇలాంటి గ్రూపులు ఎక్కువగా చెడేది రైతు వల్ల కాదు, మన వల్లే. అందరూ టమాటా, ఉల్లిపాయలే అడుగుతారు, గోరుచిక్కుళ్లు మిగిలిపోతాయి. లెక్కలన్నీ ఒక్కరి నెత్తిన పడితే రెండు నెలల్లో విసిగిపోతారు. అందుకే ఆ పని నెలకొకరు చొప్పున పంచుకోండి, కొంత డబ్బు రైతుకు ముందే ఇవ్వండి. మొదట పాడవని సరుకుతో మొదలుపెట్టండి: సంగటికి రాగులు, చెనిక్కాయలు, కందిపప్పు, బెల్లం. అవి ఒక సీజన్ సాఫీగా నడిచాక ఆకుకూరల జోలికి వెళ్లొచ్చు. అంతవరకు కూరలకు రైతు బజారు ఉండనే ఉంది.