సెయింట్ హెలీనా విమానం: గాలి ఒప్పుకుంటేనే

దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ చేతిలో ఉన్న సెయింట్ హెలీనా దీవికి 2018 ఫిబ్రవరి దాకా ఓడ నడిచింది. కేప్‌టౌన్‌లో ఎక్కితే అయిదు రోజులు సముద్రం మీదే. ఇప్పుడు జొహానెస్‌బర్గ్‌లో పొద్దున విమానమెక్కితే ఆ మధ్యాహ్నానికే దీవిలో దిగొచ్చు. 2017 అక్టోబర్ 14న మొదలైన ఎయిర్‌లింక్ అనే దక్షిణాఫ్రికా విమాన సంస్థ సర్వీసు ఇది. ప్రయాణం హాయిగానే ఉంటుంది: ఎంబ్రాయర్ 190లో వరుసకు అటు రెండు, ఇటు రెండు సీట్లే, మధ్యలో ఇరుక్కునే పని లేదు. అయితే మామూలు విమాన సర్వీసు అనుకుని తేదీలు బిగించుకుంటే మాత్రం దెబ్బ తింటారు.

అసలు సంగతి గాలి. రన్‌వే కొండ అంచున ఉంది, పొడవు 1,950 మీటర్లు. ఏడాది పొడవునా ఆగ్నేయం నుంచి వీచే గాలి ఆ కొండల మీదుగా దొర్లి, ఉత్తరపు కొసలో ఉన్నట్టుండి వేగమూ దిశా మార్చుకుంటుంది. దీన్నే విండ్ షియర్ అంటారు. దక్షిణం వైపు నుంచి దిగితే ఆ బాధ తప్పుతుంది గానీ, గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి ఆగడానికి ఎక్కువ రన్‌వే కావాలి. 28.5 కోట్ల పౌండ్లు పోసి కట్టిన విమానాశ్రయం 2016లో మామూలు ప్రయాణికుల సర్వీసుకు తెరుచుకోలేకపోవడానికి కారణం ఇదే. ముందు అనుకున్న పెద్ద జెట్‌ను పక్కన పెట్టి ఎంబ్రాయర్‌ను తెచ్చాకే దారి దొరికింది. మొదట్లో బరువు తగ్గించడానికి కొన్ని సీట్లు ఖాళీగా వదిలేసేవారు.

వెళ్లేటప్పుడు నమీబియాలోని వాల్విస్ బేలో ఆగి ఇంధనం నింపుకుంటారు. దీన్ని వృథా ఆలస్యమని విసుక్కోవద్దు. దీవికి చేరువలో మరో విమానాశ్రయం లేదు. విమానాశ్రయమున్న అసెన్షన్ దీవి కూడా 1,300 కిలోమీటర్ల దూరం. పైన తిరుగుతూ కాసేపు ఎదురుచూసి, అప్పటికీ దిగడం కుదరకపోతే ఆఫ్రికా తీరానికి వెనక్కి రావడానికి సరిపడా ఇంధనం ఉండి తీరాలి. మేఘం కిందికి దిగినా ఇదే పరిస్థితి. ఇంత జాగ్రత్త ఉండటమే ఈ సర్వీసులో మెచ్చుకోదగ్గ గుణం.

కాబట్టి జొహానెస్‌బర్గ్ నుంచి ముందుకు వెళ్లే టికెట్టును తిరిగొచ్చే రోజుకే కొనకండి, కనీసం రెండు రోజుల ఎడం పెట్టుకోండి. విడి టికెట్లయితే సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. అంటే దక్షిణాఫ్రికాలోకి ప్రవేశించాలి. ఆ దేశపు వీసా కావాల్సిన పాస్‌పోర్టువారు రెండుసార్లు ప్రవేశించేలా తీసుకోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్రధాన సర్వీసు వారానికొక్కటే, అందుకని దీవిలో ఉండటం కనీసం వారం అనుకోవాలి. డయానా శిఖరం, నెపోలియన్ చివరి రోజులు గడిపిన లాంగ్‌వుడ్ ఇల్లు, జేమ్స్‌టౌన్‌లోని 699 మెట్ల నిచ్చెన, ఇవన్నీ చూడటానికి వారం ఎక్కువేమీ కాదు.

బీమా పత్రం చేతిలో ఉండాలి, అందులో వైద్యానికి విమానంలో తరలించే ఖర్చు కూడా చేరి ఉండాలి. గట్టి జబ్బు చేస్తే రోగిని దక్షిణాఫ్రికాకే తీసుకెళ్తారు. కార్డును నమ్ముకోకుండా పౌండ్ నోట్లు తెచ్చుకోండి. స్థానిక పౌండ్ విలువ బ్రిటిష్ పౌండ్‌తో సమానం, బ్రిటిష్ నోట్లు అక్కడ చెల్లుతాయి. దీవి నోట్లు మాత్రం బ్రిటన్ దుకాణాల్లో చెల్లవు, దీవి నుంచి బయల్దేరే ముందే బ్యాంకులో మార్చేసుకోవాలి.

ఇంకో మాట. ట్రిస్టన్ డ కూన్యా అనే దీవి ఇదే పరిపాలనలో ఉన్నా ఈ విమానం అక్కడికి పోదు. దానికి 2,400 కిలోమీటర్ల దూరం, పైగా రన్‌వే లేదు. రెండూ చూడాలనుకునేవారు కేప్‌టౌన్ వెళ్లి ఓడ ఎక్కాలి. ఒక్కవైపు ప్రయాణమే సుమారు వారం.