‘సర్వీస్ డాగ్’ జాకెట్టు: పట్టీ గట్టిదే, కార్డే దండగ

ఎర్ర నైలాన్ జాకెట్టు, ‘సర్వీస్ డాగ్’ అని రాసిన రెండు వెల్క్రో బిళ్లలు, మెడలో వేసే కార్డు. పెంపుడు కుక్కను సర్వీస్ డాగ్‌లా, అంటే వికలాంగులకు సాయపడే శిక్షణ ఉన్న కుక్కలా చూపించడానికి ఆన్‌లైన్‌లో దొరికే సెట్టు ఇదే. సైజు ఛాతీ కొలతను బట్టి తీసుకోవాలి. ముందుకాళ్ల వెనక టేపు చుట్టి కొలవండి. తొడిగాక పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, బిగిస్తే చంకల్లో ఒరుసుకుపోతుంది. కుట్లు గట్టివే. వెల్క్రోలో బొచ్చు ఇరుక్కుంటే మాత్రం బిళ్ల ఊడుతుంది, దువ్వెనతో లాగేయాలి. లోపల గాలాడదు, నెల్లూరు మే ఎండకు అసలు పనికిరాదు.

కార్డు ఉత్త ప్లాస్టిక్ ముక్క. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కూడా రిజిస్ట్రేషను అడగదు. వికలాంగుడికి కావాల్సిన పని కుక్క నేర్చిందా లేదా, అంతే. ఇక్కడ రైల్లోనూ ఆ కార్డు పనికిరాదు. పెంపుడు కుక్కతో ఒంగోలులో ఎక్కాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం తీసుకోవాలి, లేదా గార్డు పెట్టెలో డాగ్ బాక్సే గతి.

పెంపుడు కుక్కకు ఈ జాకెట్టు తొడిగి మెస్సులోకి తీసుకెళ్తే చేపల పులుసు వాసనకే గుట్టు రట్టవుతుంది. శిక్షణ ఉన్న కుక్క బల్ల కింద గంటయినా కదలదు. మన పెంపుడుదైతే ముక్కెగరేసి పక్కవాళ్ల విస్తరి వైపు లాగుతుంది. ఆ తర్వాత చూపులేని మనిషి నిజమైన సర్వీస్ డాగ్‌తో వచ్చినా ఓనరు గుమ్మంలోనే ఆపేస్తాడు.

వాకింగ్‌కైతే కొనొచ్చు, బిళ్లలు పీకేసి.