కీమో నడుస్తున్న పిల్లలకు తిప్పతీగా, బొప్పాయి ఆకా, పసుపు గుళికలా, శొంఠా: ఏది మేలు?

పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ లుకేమియా, అంటే రక్త క్యాన్సర్. అందులోనూ ఏఎల్‌ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) అనే రకం. దానికి చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. అంతకాలం కన్నవాళ్లు ఊరికే చూస్తూ కూర్చోలేరు. ఊరి నుంచి పెద్దమ్మ తిప్పతీగ పంపిస్తుంది. పక్క మంచం వాళ్లు బొప్పాయి ఆకు రసం పోశామంటారు. బాబాయి ఆన్‌లైన్‌లో పసుపు గుళికలు తెప్పిస్తాడు. పిల్లల క్యాన్సర్ వార్డుకు మందులిచ్చే ఫార్మసీలో పనిచేస్తాను కాబట్టి, వీటిలో ఏది మంచిదన్న ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వంటలో వేసుకునేంత వరకు పసుపు, అల్లం, మిరియాలతో పేచీ లేదు. అదే సీసాలోకో గుళికలోకో చేరి మోతాదు పెరిగాక, ఈ నాలుగింటిలో కాస్తయినా ఆధారం ఉన్నది శొంఠి ఒక్కటే. అది కూడా డాక్టరుకు చెప్పాకే.

మొన్నామధ్య ఒకావిడ స్టీల్ బాటిల్ మూత తీసి చూపించింది. లోపల చిక్కటి ఆకుపచ్చ రసం, పైన నురగ. "అన్నా, ఇది మందు కాదు కదా, ఆకే కదా?" అంది. "అక్కా, బాబుకు ఎక్కిస్తున్న కీమో మందు విన్‌క్రిస్టిన్ కూడా మొదట బిళ్ళగన్నేరు నుంచి తీసిందే" అన్నాను. మన పెరట్లో పూసే ఆ మొక్కే. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి ఏమీ చేయదనుకోవడానికి లేదు. రోగం మీద పనిచేసే శక్తి ఉంటే, ఒంటికి చెరుపు చేసే శక్తీ ఉండొచ్చు. ఆస్పత్రి మందుకైతే ఎంత ఇవ్వాలో బిడ్డ ఒంటి కొలత చూసి లెక్క కడతారు. బాటిల్‌లోని రసానికి ఆ లెక్క లేదు.

తిప్పతీగ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కరోనా రోజుల్లో ఇమ్యూనిటీ పేరుతో ఇంటింటికీ చేరింది. 2021లో ముంబైలోని కాలేయ వైద్యులు, తిప్పతీగ వాడాక కామెర్లు, కాలేయ వాపుతో వచ్చిన ఆరుగురి వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది దేశంలోని 13 కేంద్రాల నుంచి ఇలాంటి 43 మంది వివరాలు బయటికొచ్చాయి. తిప్పతీగను తప్పుపట్టడం సరికాదని ఆయుష్ శాఖ వాదించింది. ఆ వాదన ఎటు తేలినా, ఏఎల్‌ఎల్ చికిత్సలో ఉన్న బిడ్డ పరిస్థితి వేరు. ఆ చికిత్సలో ఇచ్చే 6-ఎంపీ, మెథోట్రెక్సేట్, ఆస్పరాజినేజ్ అనే మందులన్నీ కాలేయం మీద భారం వేసేవే. రక్త పరీక్షలో కాలేయం దెబ్బను చూపించే ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ బాగా పెరిగితే కారణం కీమోనా, తీగా అని డాక్టరుకు తెలిసే దారి ఉండదు. అందుకని కీమో మోతాదు తగ్గిస్తారు, లేదా కొన్నాళ్లు ఆపుతారు. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. జబ్బును నయం చేసే మందు మానేయాల్సి వస్తుంది, ఎందుకు మానాల్సి వచ్చిందో ఇంట్లో వాళ్లకు కూడా తట్టదు.

బొప్పాయి ఆకు రసం మీద నమ్మకం డెంగీ వల్ల వచ్చింది. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోవడం, కీమోలో పడిపోవడం ఒకటి కాదు. ఇక్కడ ప్లేట్‌లెట్లు తయారయ్యే ఎముక మజ్జనే మందు కొన్నాళ్లు అణిచిపెడుతుంది. చాలా కీమో మందుల తర్వాత ఒకటి రెండు వారాల్లో కౌంట్ అట్టడుక్కి వెళ్లి, మూడో వారానికల్లా దానంతట అదే లేస్తుంది. ఆ మధ్యలో రసం పోసినవాళ్లకు అది రసం మహిమలా కనిపిస్తుంది. పైగా ఆకును మిక్సీలో పచ్చిగా రుబ్బి వడగడతారు. తెల్లకణాలు అడుగంటిన బిడ్డకు పచ్చి ఆకు మీది క్రిములే చాలు, జ్వరం రావడానికి. నోరంతా పుళ్లతో నీళ్లే మింగలేని పిల్లాడికి ఆ చేదు పట్టడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ప్లేట్‌లెట్లు మరీ పడిపోతే ఎక్కించడమే మార్గం. గోధుమ గడ్డి రసానికీ పచ్చిదే అన్న అభ్యంతరం వర్తిస్తుంది.

పసుపు గుళికల డబ్బా వెనక చదవండి. పసుపు సారమైన కర్కుమిన్‌తో పాటు చాలావాటిలో మిరియాల సారం, అంటే పైపరిన్ ఉంటుంది. ఒంటికి పట్టాలని కలుపుతారు. కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్ని మందగింపజేసే గుణం ఆ పైపరిన్‌కు ఉంది. విన్‌క్రిస్టిన్ కూడా ఆ దారినే బయటికి పోవాలి. అదే దారిని అడ్డుకునే కొన్ని ఫంగస్ మందులు తోడైతే విన్‌క్రిస్టిన్ ఒంట్లో నిలిచిపోయి నరాలు దెబ్బతింటాయి. మలబద్ధకం, కాళ్ల నొప్పులు, నడిచేటప్పుడు పాదం పైకి లేవకపోవడం కనిపిస్తాయి. పైపరిన్‌తో ఎంత జరుగుతుందో మన బిడ్డ మీద చూసుకోవాల్సిన అవసరం లేదు. పాలలో వేసే చిటికెడు పసుపు ఈ లెక్కలోకి రాదు.

శొంఠి కథ వేరు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ఎముక క్యాన్సర్‌కు గట్టి కీమో తీసుకుంటున్న పిల్లలకు, యువతకు వాంతుల మందులతో పాటు అల్లం పొడి గుళికలు ఇచ్చి చూసి, 2011లో ఫలితాలు ప్రచురించారు. పోల్చి చూడ్డానికి మందు లేని ఉత్తుత్తి గుళికలు తీసుకున్నవాళ్లకంటే వీళ్లలో తీవ్రమైన వికారం, వాంతులు తగ్గాయి. వాంతుల మందు మానేసి కాదు, దానితో పాటు. ఈ మాట మరిచిపోకండి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువున్న వారంలో మాత్రం గుళికల సంగతి డాక్టరు చెప్పినట్టే.

వీటి పక్కనే వచ్చే మరికొన్ని. కాచిన పాలతో తోడేసిన తాజా పెరుగుకు, మంచి బ్యాక్టీరియా పేరుతో అమ్మే ప్రోబయోటిక్ పొడులకు మధ్య ఎంచుకోవాల్సి వస్తే, మీ వార్డులో పెరుగు వద్దనకపోతే పెరుగే. ఆ పొడుల్లోని బ్యాక్టీరియా బలహీనంగా ఉన్న పిల్లల రక్తంలోకి చేరిన సందర్భాలున్నాయి. రక్తం పట్టాలని ఐరన్ సిరప్ పోయకండి. ఎక్కించిన రక్తంతోనే ఇనుము చేరుతుంటుంది. ఫోలిక్ యాసిడ్ ఉన్న మల్టీవిటమిన్లు మెథోట్రెక్సేట్ పనికి అడ్డుపడొచ్చు. భస్మాల జోలికి అసలే వద్దు. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి తేలాయని 2004లో ప్రచురించారు.

కీమో మానేసి పూర్తిగా నాటు మందుకు మారడాన్ని మాత్రం వీటి పక్కన పెట్టి పోల్చను. ఏఎల్‌ఎల్‌కు మంచి చికిత్స పూర్తిగా అందే దేశాల్లో పది మంది పిల్లల్లో తొమ్మిది మంది బతుకుతున్నారు. ఆ అవకాశాన్ని వదులుకోవద్దని చేతులు పట్టుకుని అడుగుతాను.

ఇప్పటికే ఏదైనా ఇస్తుంటే దాచకండి. తిడతారేమోనన్న భయంతో చాలామంది దాస్తారు. డబ్బా ఉంటే డబ్బా, తీగైతే తీగ ముక్క పట్టుకొచ్చి, ఎన్నాళ్లుగా ఇస్తున్నారో, చివరిసారి ఎప్పుడిచ్చారో తర్వాతి రక్త పరీక్షకు ముందే చెప్పండి. 100.4 డిగ్రీల జ్వరం కనిపిస్తే మాత్రం కషాయాలు కాచే పని పెట్టుకోకుండా, అర్ధరాత్రైనా సరే, నేరుగా ఆస్పత్రికి వచ్చేయండి.