ఉద్యోగపు ఫొటో: స్టూడియోలోనా, బురుజు దగ్గరా?

కర్నూలులో ఉద్యోగ ప్రొఫైల్ కోసం ఫొటో తీయించుకోదలచినవారు స్టూడియో గదినైనా ఎంచుకోవచ్చు, కొండారెడ్డి బురుజు పరిసరాల వంటి ఆరుబయలునైనా ఎంచుకోవచ్చు. తేడా ఖర్చులో కన్నా సన్నాహంలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

స్టూడియోలో వెలుతురు ఫొటోగ్రాఫర్ చేతిలో ఉంటుంది. సాఫ్ట్‌బాక్స్‌ను (వెలుతురును మెత్తగా పరిచే, తెర కప్పిన దీపపు పెట్టెను) ముఖానికి సుమారు 45 డిగ్రీల కోణంలో, కంటిమట్టానికి కాస్త పైన నిలిపితే, మిట్టమధ్యాహ్నమైనా రాత్రి ఎనిమిదైనా ఫలితం ఒకటే. కాబట్టి శ్రద్ధంతా బట్టల మీద పెట్టవచ్చు. తెల్లటి తెర ముందు తెల్లచొక్కా వేసుకుంటే భుజాల అంచులు తెరలో కలిసిపోతాయి. మరీ సన్నని గీతల చొక్కా అయితే డిజిటల్ కెమెరాలో అలల వంటి చారలు పడే ప్రమాదం ఉంది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బండి మీద వెళ్లేకంటే, దానిని హ్యాంగర్‌తో తీసుకెళ్లి అక్కడే మార్చుకోవడం మేలు, ఎందుకంటే మోచేతి దగ్గరి ముడతలను కెమెరా క్షమించదు. జుట్టు మాత్రం నాలుగైదు రోజుల ముందే కత్తిరించుకోవాలి. అప్పుడే జుట్టు కత్తిరించిన మెడ ఫొటోలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆరుబయట సూర్యుడు చెప్పినట్టు మనం వినాలి. నడినెత్తి ఎండ కనుగుంటల్లో నల్లటి నీడలు వేస్తుంది గనుక, పొద్దు పొడిచిన తొలి గంటలోనో, వాలే ముందు గంటలోనో తీయించుకోవాలి; వేసవిలో అయితే ఉదయమే నయం, లేకుంటే చెమట తుడుచుకోవడంతోనే సరిపోతుంది. చేతిరుమాలు, దువ్వెన, నీళ్లసీసా మరవకూడదు. 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో రాతిగోడను మసకబార్చి తీస్తే ముఖానికి వచ్చే జీవం స్టూడియో తెర ముందు అరుదు.

బ్యాంకు, ఆఫీసు దరఖాస్తులకు నేను స్టూడియోనే ఎంచుకుంటాను. రచయితలు, కళాకారులు మాత్రం పొద్దున్నే లేవడానికి సిద్ధపడితే బురుజు దగ్గరికే వెళ్లవచ్చు.