రాజీ డబ్బా, కేసా? మిల్లులో వేళ్లు పోయినవాళ్లకి ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా జిరాక్స్ షాపుకి అర్జీ రాయించుకోవడానికి వచ్చేవాళ్లు ఈ సీజన్‌లో ఒకటే అడుగుతున్నారు: "ఓనరు ఇస్తానన్నది తీసుకుని ఊరుకోమంటారా బాబూ, కేసు వెయ్యమంటారా?"

రాజీలో సుఖం ఉంది, కాదనను. డబ్బు వారంలో చేతికొస్తుంది. ఆసుపత్రి బిల్లు ఓనరే కడతాడు, కుట్లు మానాక బస్తాలు లెక్కపెట్టే పని ఇస్తానంటాడు.

మొన్న వచ్చిన కళాసీకి బెల్టులో తువ్వాలు చిక్కుకుని కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. ముట్టింది నలభై వేలు. జేబులోంచి తీసిన కాగితం ఒడియాలో ఉంది, కింద ఎడమచేతి వేలిముద్ర. ఒడియా గడగడా మాట్లాడతాడు గానీ చదవడం రాదు. నేను చదివి చెప్పాను: "నా అజాగ్రత్త వల్లే జరిగింది, ఇక ఏమీ అడగను."

చట్ట ప్రకారం రావాల్సిన పరిహారం లెక్క చూడండి: అతనికి ముప్పై ఏళ్లు, నెల జీతం 12,000. అందులో 60 శాతం 7,200. ఆ వయసుకి చట్టం పట్టికలో ఉన్న అంకె 207.98తో గుణిస్తే 14,97,456. ఒక చేతికి రెండు వేళ్లు పోతే అందులో 20 శాతం, అంటే సుమారు 2,99,491 రూపాయలు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పోయి 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ వచ్చినా లెక్క తీరు ఇదే. అజాగ్రత్త అన్నంత మాత్రాన పరిహారం పోదు. పరిహారం తేల్చే అధికారి దగ్గర రిజిస్టర్ కాని రాజీతో ఓనరు బాధ్యతా తీరదు.

ఈఎస్ఐ (కార్మిక బీమా) కార్డు ఉన్నవాళ్లకి ఈ మీమాంసే లేదు, పరిహారం అక్కడి నుంచే, నెలనెలా. చిన్న మిల్లుల్లో ఆ కార్డు ఉన్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

కేసుతో చిక్కులూ ఉన్నాయి. జీతం చేతికిచ్చేదే గాని చీటీ ఉండదు, వాయిదాలకి కూలి పోతుంది, ఆ మిల్లు గుమ్మం మళ్లీ తొక్కలేం. కానీ ఎక్కువమంది వెనకాడేది ఒడిశా ఆఫీసుల చుట్టూ తిరగాలన్న టెన్షన్‌తోనే. నన్నడిగితే తేల్చేది ఇదే: ప్రమాదం జరిగిన చోటే కాదు, కార్మికుడు కాపురం ఉండే చోటా దావా వెయ్యొచ్చు. పాతపట్నం, మెళియాపుట్టి నుంచి వచ్చేవాళ్లు శ్రీకాకుళం జిల్లా వైపే వేసుకుని, గోడు తెలుగులో చెప్పుకోవచ్చు. రెండేళ్లలోపు వెయ్యాలి. అలాంటివాళ్లకి నేను కేసే వెయ్యమంటాను. పర్లాకిమిడిలోనే కాపురం ఉన్నవాళ్లు రాజీకి ఒప్పుకుంటే మాత్రం, అది రిజిస్టర్ చేయించుకోండి.

ఆ కళాసీది పాతపట్నం. ఆసుపత్రి చీటీ తెమ్మంటే తెచ్చాడు. 'ఇంట్లో కత్తితో తెగింది' అని ఉంది. అలా రాయించింది మిల్లు మేస్త్రీయట. ఆ పూట పక్కనే ఉన్న ఇద్దరు సాక్ష్యం చెప్తామన్నారంటే వాళ్ల పేర్లు రాసి, ఒడియా కాగితం రెండు కాపీలు తీసి ఇచ్చాను.